కూకోమ్మా

విశాఖపట్నంలో ఊపిరితిత్తుల డాక్టరుగారు అమ్మను పరీక్షించి, మా వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగారు. "చదునైన దారిలో మీ అమ్మగారు ఎక్కడా ఆగకుండా ఎంత దూరం నడుస్తారు?"

ఆ గదిలో ఆమె పిల్లలం నలుగురం ఉన్నాం. నాలుగు రకాలుగా చెప్పాం. అన్నయ్య సంత దాకా అన్నాడు. సంత మా ఊరికి కిలోమీటరున్నర. నేను రామమందిరం దాకా అన్నాను. తమ్ముడు బోరింగు దాకా అన్నాడు. చెల్లి నేల చూసింది. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ వదిన మెల్లగా అంది: "పెరట్లో స్నానాల గదికి వెళ్లొచ్చేలోపు ఒకసారి కూర్చుంటారండి. ఏడాది దాటింది."

అమ్మ సంతకి వెళ్లడం మానేసి అప్పటికి ఆరేళ్లు. రామమందిరం మానేసి మూడేళ్లు. మేం కావాలని అబద్ధం చెప్పలేదు. ఎవరు ఆమెను ఏ ఏడాది చివరిసారిగా సరిగ్గా చూశామో, ఆ ఏటి సంగతి చెప్పాం.

బయటికొచ్చాక "ముందే చెప్పొచ్చు కదా" అని అన్నయ్య వదినను కసురుకున్నాడు. ఆమె చెప్పలేదనడం నిజం కాదు. "అత్తమ్మకి ఆయాసం ఎక్కువవుతోంది" అని నాకే ఫోనులో ఎన్నోసార్లు చెప్పింది. "పెద్దతనం కదా వదినా, పనులు చెప్పకండి, కూర్చోబెట్టండి" అని ప్రతిసారీ జవాబిచ్చింది నేను. అలా అన్నప్పుడల్లా, మంచి కొడుకునన్న తృప్తి కూడా కలిగేది.

డాక్టరుగారు ఇంకో ప్రశ్న అడిగారు, చీర కట్టుకునేటప్పుడు ఆయాసం వస్తుందా అని. "మద్దిలో ఓపాలి కూకుంతాను నాయినా" అంది అమ్మ. రెండేళ్లుగా ఆమె ఇంట్లో చీర మానేసి నైటీలు వేసుకుంటోంది. ముసలితనంలో ఫ్యాషనా అని పండక్కి అందరం ఆటపట్టించాం. ఆమె కూడా నవ్వింది. నవ్వాక దగ్గింది.

ఆ తర్వాత ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ. ముక్కుకి క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్పించి, గొట్టంలోకి ఒక్క ఉదుటున, ఇక లేదనేదాకా ఊదమంటారు. యాభై ఏళ్ల పాటు పొద్దున్నే ఊదుగొట్టం పట్టి తడికట్టెల్ని మండించిన మనిషి మూడో సెకనుకే దగ్గులో పడింది. ఎన్నోసారికో కాగితం వచ్చింది. మొదటి సెకనులో ఆమె బయటికి ఊదగలిగిన గాలి 600 మిల్లీలీటర్లు. ఆమె వయసుకీ ఎత్తుకీ ఉండవలసింది లీటరూ ముప్పావు. అంటే నూటికి 34. 30కీ 50కీ మధ్య ఉంటే తీవ్రమైన దశ. అది 2022. అమ్మకి 64 ఏళ్లు.

జబ్బు పేరు సీఓపీడీ. మా పత్రికలో దీన్ని 'దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి' అని రాస్తాం. ఆ పేరు పలకడానికే ఆయాసం వస్తుంది. ఊళ్లో మాత్రం ఆయాసం, ఉబ్బసం, పిల్లికూతలు, వయసు, ఒళ్లు అని నానా పేర్లు. అమ్మ పెట్టుకున్న పేరు ఇంకా చిన్నది. "ఏటీ నేదు."

ఊపిరితిత్తుల సత్తా పాతికేళ్ల వయసుకల్లా నిండుతుంది. అక్కణ్ణుంచి ఆరోగ్యవంతులకైనా ఏడాదికి పాతిక, ముప్పై మిల్లీలీటర్ల చొప్పున తరుగుతుంది. పొగ సరిపడని ఊపిరితిత్తులకైతే ఆ తరుగు రెండింతలు, ఇంకా పైన. ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు పరిశోధకులు 1977లో ఈ తరుగుదలను గీత గీసి చూపించారు. పొగ మానేస్తే పోయింది తిరిగి రాదు గానీ, మానిన నాటి నుంచి తరుగు మామూలు మనిషి తరుగుకు దగ్గరవుతుంది. ఏ వయసులో మానినా ఎంతో కొంత మిగులుతుందన్నమాట. 1977లో అమ్మకి 19 ఏళ్లు. అన్నయ్య చంకలో ఉన్నాడు, నేనింకా పుట్టలేదు. అప్పటికి ఆమె దగ్గర మిగలడానికి చాలా ఉంది. సగానికి సగం పోయేదాకా మనిషికి పెద్దగా తెలియకపోవడం ఈ జబ్బు స్వభావమని డాక్టరుగారు మమ్మల్ని ఓదార్చారు. ఆ ఓదార్పు పుచ్చుకునే అర్హత మాకు లేదు. తెలిసిన తర్వాత కూడా మేం పదేళ్లు పోగొట్టాం.

అమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. మా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్ల అలవాటు. పంటినొప్పికి మొదలెట్టానని అమ్మ చెప్పేది. మా వీధిలో ఎవర్నడిగినా పంటినొప్పే అనేవారు. నిప్పు లోపలుంటే గాలికి ఆరదు, బూడిద చంకలో పిల్ల మీద పడదు, పనిచేసే చేతులకి అడ్డం రాదు. మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి అంగిళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లో విదేశీ వైద్యపత్రికలో అచ్చయింది. అంగిలి పుండ్లకూ ఈ అలవాటుకూ ఉన్న ముడిని వైద్యలోకమంతా చదివింది. అదే జిల్లాలో పుట్టి, అక్షరాలతో బతుకుతున్న నేను 2022లో ఆస్పత్రి వరండాలో కూర్చుని, ఫోనులో వెతికి చదివాను.

ఆ చుట్టలు కొట్టు నుంచి తెచ్చిందీ మేమే. చిల్లరలో బెల్లం ముక్క మాకు దక్కేది. ఉద్యోగం వచ్చిన మొదటి సంక్రాంతికి అమ్మకి ఒక చీర, ఒక కట్ట మంచి చుట్టలు పట్టుకెళ్లాను. వీధి వీధంతా మెచ్చుకుంది. కన్యాశుల్కంలో గిరీశం చుట్టను పొగుడుతూ పద్యం అందుకునే చోట నవ్వని తెలుగువాడు ఉండడు. కాలేజీలో నేను ఆ వేషం కట్టినవాణ్ణి. గురజాడవారు మనల్ని నవ్వమన్నది గిరీశాన్ని చూసి. మేం చుట్టను చూసి మురిసిపోయాం.

మాన్పించలేదా అంటే, మాన్పించబోయాం. అమ్మ నా ఫ్లాటుకి వచ్చినప్పుడు వెనక బాల్కనీలోకి వెళ్లి తాగమని, తలుపు దగ్గరగా వేసేవాణ్ణి. పిల్లల కోసం అని చెప్పాను. కొంత పిల్లల కోసమే. ఎక్కువ భాగం ఎదురు ఫ్లాటువాళ్ల కోసం. నోట్లో నిప్పు పెట్టుకునే తల్లి ఉందని తెలిస్తే నా మర్యాద ఏమైపోతుందో అని. ఆమె ఊపిరి కోసం భయపడి ఒక్కసారి అడిగి ఉంటే మానేదేమో. మానేది కాదేమో కూడా. మేం సిగ్గుపడి అడిగాం కాబట్టి ఆమె కూడా సిగ్గుపడి, దాచుకుని తాగింది.

చుట్ట మీదికి నెట్టేస్తే నాకు సులువుగా ఉంటుంది. కానీ మా పెద్దమ్మ జన్మలో చుట్ట ముట్టుకోలేదు. ఆవిడా ఇలాగే ఎగశ్వాసతో పోయింది. ఆవిడకి వచ్చింది పొయ్యి నుంచి.

వంటగ్యాసు ఇచ్చే దీపం పథకం 1999లో వచ్చింది. ఆ ఏడే వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఇంకో రెండేళ్లకి గ్యాసు బండ వచ్చింది. వంటింట్లోకైతే వచ్చింది గానీ వంటలోకి రాలేదు. టీకి, అల్లుడొస్తే ఆమ్లెట్టుకి, అంతే. అన్నం, పులుసు, దాలిలో పాలు, కాగులో నీళ్లు, ఆవుకి కుడితి, అన్నీ కట్టెల మీద, జీడికొమ్మల మీద, పిడకల మీద. బండ ఖరీదు ఎక్కువని అందరం అనేవాళ్లం. నిజంగానే ఎక్కువ. చాలా ఇళ్లలో ఆ మాట అక్షరాలా నిజం, వాళ్లని నేనేమీ అనలేను. మా ఇంట్లో మాత్రం మోటారుసైకిలుకి పెట్రోలు ఏనాడూ ఆగలేదు.

పైగా రుచి ఒకటి. సంక్రాంతికి బస్సు దిగుతూనే "అమ్మా, కట్టెల పొయ్యి మీద చేపల పులుసు పెట్టు, గ్యాసు మీద ఆ రుచి రాదు" అని అడిగింది మేం నలుగురమూ. ఆమె పొంగిపోయి పొయ్యి ముందు కూర్చునేది. పొగ ఆమెకి, పులుసు మాకు. ఇప్పుడు హైవే పొడుగునా 'కట్టెల పొయ్యి భోజనం' బోర్డులు కనిపిస్తాయి. ఆ బోర్డు చూసి కారు ఆపేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ భోజనశాల వెనక కట్టెలు ఎగదోస్తున్నది ఎవరని తొంగి చూసిన గుర్తు లేదు.

ఒక పండగ సంచికకి అమ్మ పొయ్యి గురించి వ్యాసం రాశాను. మంట వెలుగులో ఎర్రబడ్డ ముఖం, కొడుకులొచ్చారన్న ఆనందంతో చెమర్చిన కళ్లు అని రాశాను. చదివి ఏడ్చామని ఎంతోమంది ఫోను చేశారు. ఆ కళ్లు పొగకి చెమర్చాయని, రాసిన నాకు తట్టలేదు. చదివినవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. పారితోషికం మాత్రం అందింది.

ఇంతకంటే సిగ్గుచేటు డెస్కులో జరిగింది. ఏటా నవంబరులో సీఓపీడీ దినం వస్తుంది. మన దేశంలో ఈ జబ్బున్నవాళ్లు 1990లో 2.81 కోట్లు, 2016కి 5.53 కోట్లు అన్న వార్తను ఇంగ్లిష్ నుంచి తెలుగు చేసింది నేనే. కారణాల్లో 'బయోమాస్' అని ఉంది. నిఘంటువు చూసి 'జీవద్రవ్య ఇంధనాలు' అని రాశాను. తప్పు అనువాదం కాదు. అయితే ఆ మాట వెనక మా పెరటి పిడకల గూడు ఉందని, రాస్తున్న నా చేతికి తెలియలేదు. పిడకలు, కట్టెలు అని రాసి ఉంటే మా ఊళ్లో ఒక్కరైనా చదివి ఉలిక్కిపడేవాళ్లేమో. కనీసం నేను ఉలిక్కిపడేవాణ్ణి. ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుల గురించి అదే పత్రికలో పేజీలు పేజీలు రాశాను. రాయాల్సిందే, అందులో తప్పు లేదు. కవిటి, సోంపేట తిరిగి వస్తూ దారిలో ఇంటికెళ్లి అమ్మ చేతి అన్నం తిని, ఆమె దగ్గు వింటూ ఆ కథనాలు రాసుకునేవాణ్ణి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తాటాకు వంటిల్లు ఎగరేసుకుపోయింది. నలుగురం డబ్బులేసి మళ్లీ కట్టాం. హాలులో టైల్సు, ముందు గదికి రంగులు, వంటింటికి సిమెంటు రేకులు. తాటాకు సందుల్లోంచి కొంత పొగైనా పైకి పోయేది. రేకుల కింద దానికి దారి లేదు. పొగగొట్టం పెట్టిద్దామని మేస్త్రీ అన్నాడు. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో ఉందా లేదా అని మూడు రోజులు చర్చించిన మేం, గొట్టం సంగతి తర్వాత చూద్దామన్నాం. ఆ తర్వాత అనేది రాలేదు.

2021లో కరోనా రెండో వేవు వచ్చింది. ఇంటింటా ఆక్సిమీటరు. మా ఇంట్లో అందరికీ 97, 98. అమ్మ వేలికి పెడితే 90. బ్యాటరీ పోయిందన్నాడు తమ్ముడు. మార్చి పెట్టాం, 89. భయపడి టెస్టు చేయించాం, నెగెటివ్ వచ్చింది. అందరం హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాం. కరోనా లేని మనిషికి 89 ఎందుకుందని చదువుకున్న నలుగురిలో ఒక్కరమూ అడగలేదు. ఆక్సిమీటరు డ్రాయరులోకి వెళ్లిపోయింది.

అంతకుముందు వైద్యమే చేయించలేదా అంటే, చేయించాం. ఆయాసం ఎక్కువైన రాత్రి ఊళ్లో డాక్టరుని పిలిచి ఇంజెక్షను వేయించేవాళ్లం. తెల్లారేసరికి తగ్గేది. అందులో స్టెరాయిడ్ ఉండేదని తర్వాత తెలిసింది. ఆయన తప్పని అనను. రాత్రి రెండు గంటలకి వచ్చిన మనిషి ఆయనొక్కడే. ఎందుకొస్తోంది అని అడగవలసింది మేం, తగ్గితే చాలనుకున్నదీ మేమే. మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి రైలెక్కించి, వరుసలో నిలబెట్టి, కొర్రమీను పిల్లతో చేపమందు మింగించాం. మూడేళ్లు వరుసగా. రాత్రంతా రైలు ప్రయాణం చేయించగలిగినవాళ్లం, విశాఖలో అరగంట పట్టే ఊదే పరీక్షకి తీసుకెళ్లలేకపోయాం. ఇన్‌హేలరు రాసిచ్చిన డాక్టరు కూడా ఒకాయన ఉన్నారు. అలవాటైపోతుందని, అది ఆఖరి మందు అని, చెల్లి పెళ్లి సంబంధాలప్పుడు ఎవరైనా చూస్తే వంశంలో ఉబ్బసం ఉందనుకుంటారని, దాన్ని దేవుడి గూట్లో దాచాం. రోజూ రెండుపూటలా పీల్చాల్సినదాన్ని ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రమే తీశాం. అదీ తప్పుగా. గాలి బయటికి వదిలి, మందు నెమ్మదిగా లోపలికి పీల్చి, పది సెకన్లు బిగబట్టి, ఆనక నోరు పుక్కిలించాలని విశాఖలో నర్సమ్మ చూపించేదాకా, అమ్మ దాన్ని నోటి ముందు పెట్టుకుని సెంటు కొట్టుకున్నట్టు కొట్టుకునేది.

వీటన్నిటికంటే నన్ను తినేస్తున్నది ఒక్క మాట. ఆమె లేవబోతే "కూకోమ్మా". చీపురు పట్టుకుంటే "కూకోమ్మా". బోరింగు దగ్గరికి బిందె తీసుకెళ్తే పక్కింటి పిల్ల కూడా "కూకో మామ్మా, నాను తెత్తాను" అని బిందె లాక్కునేది. ప్రేమ లేక అన్న మాట కాదు. కాళ్లకి పని తగ్గితే కండ కరుగుతుందని, కరిగిన కండ అదే అడుగుకి ఎక్కువ గాలి అడుగుతుందని, ఆ గాలి లేక ఆయాసం వస్తే మనిషి ఇంకా కూర్చుంటుందని డాక్టరుగారు చెప్పారు. "ఇన్నాళ్లూ విశ్రాంతి ఇచ్చారు కదా, ఇక మానేయండి" అన్నారు. ఆయన రాసిన మందుల్లో నడక కూడా ఒకటి. ఆయాసం వచ్చేదాకా నడిచి, ఆగి, పెదాలు సున్నాలా చుట్టి, దీపం ఆరకుండా ఊగేటంత నెమ్మదిగా గాలి వదిలి, మళ్లీ నడవడం.

వదిన దగ్గరుండి నడిపించింది. మొదటి వారం పశువుల పాక దాకా. మూడు నెలలకి రామమందిరం. మళ్లీ ఊదిస్తే కాగితం మీద అంకె దాదాపు అదే, 34 కాస్తా 35. ఊపిరితిత్తులు బాగుపడలేదు, ఉన్న ఊపిరితోనే మనిషి గుడి దాకా వెళ్లింది. శ్రీరామనవమి పానకం తాగి వచ్చి అమ్మ అరుగు మీద కూర్చున్న తీరు చూసి నాకు సంతోషం కంటే ముందు ఒక లెక్క తోచింది. ఇదే పని ఆరేళ్ల కిందట చేసి ఉంటే?

2024 జనవరిలో, పండగ చలిలో, జలుబు ఛాతీకి దిగింది. ఏటా వేయించాల్సిన ఫ్లూ టీకా ఆ ఏడు వేయించలేదు. నేనే వేయిస్తానన్నాను, పండక్కి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, వేలి మీద 90 చూపిస్తోంది. ఈ జబ్బులో 88కీ 92కీ మధ్య ఉంచాలని, అంతకు మించి ఎక్కిస్తే లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుని మనిషి మత్తులోకి జారిపోవచ్చని నర్సు చెప్పింది. నాకు 2021 గుర్తొచ్చింది, 98 చూస్తే గానీ నమ్మకం కుదరదు. ఆమెతో గొడవపడ్డాను. పడ్డాక, రాత్రి ఎవరూ లేనప్పుడు మర నేనే తిప్పాను. తెల్లారేసరికి అమ్మ పిలిస్తే పలకడం లేదు. మాస్కు మెషీను పెట్టి రెండు రోజులకి ఆమెను వెనక్కి తెచ్చారు. మర తిప్పింది ఎవరో నేను అప్పుడు చెప్పలేదు. నర్సును మాత్రం డాక్టరుగారు నా ఎదురుగానే మందలించారు. ఇప్పుడు రాస్తున్నాను, ఆమెకి ఇది అందుతుందన్న ఆశ లేదు.

ఇంటికి ఆక్సిజన్ మెషీను వచ్చింది. రోజుకి 15 గంటలకు తగ్గకుండా పెట్టుకుంటేనే ఆయుష్షు పెరుగుతుందన్నారు. చప్పుడని, కరెంటు బిల్లని, చుట్టాలొచ్చారని, అమ్మే వద్దంటోందని మేం పెట్టింది ఎనిమిది గంటలు. పది నెలలకి, కార్తీకంలో, అమ్మ పోయింది. పరామర్శకి వచ్చినవాళ్లందరూ ఒకటే మాటన్నారు: "పెద్దావిడ, కూర్చున్న చోటే పోయింది, పుణ్యాత్మురాలు." మేం అవునన్నాం.

ఆ నవంబరు మొదట్లో ఏడాదికి మూడు గ్యాసు బండలు ఉచితమని ప్రభుత్వం పథకం మొదలెట్టింది. ఇప్పుడు అన్నం గ్యాసు మీదే వండుతున్నారు. కుడితి, నీళ్లు, పండగ పులుసు ఇంకా కట్టెల మీదే. రేకులకి గొట్టం ఇంకా పెట్టించలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని చూశాను. బోరింగు దగ్గర్నుంచి నీళ్లు తెస్తూ వదిన వేపచెట్టు కింద బిందె దించి, నడుం మీద చెయ్యి వేసుకుని ఒకసారి ఆగింది. ఆమెకి 46 ఏళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఆ పొయ్యి ఊదుతోంది. నా నోటి చివరిదాకా "కూర్చో వదినా" అన్న మాట వచ్చింది. మింగేశాను. విశాఖ తీసుకెళ్లి ఊదించాలనుకున్నాను. ఇది రాస్తున్న రోజుకి ఇంకా తీసుకెళ్లలేదు.